అంట్ల మిషనుకు నీళ్ళ జబ్బు

పిల్లకాయలూ, ఇట్టా దగ్గరికి జరగండి. ఆ అరుగు చివర కూర్చుంటే నా గొంతు ఆడిదాకా రాదు. ఇవాళ అంట్లు తోమే మిషను సంగతి చెప్పుకుందాం. నవ్వుతారేందిరా? 2020లో కరోనాకి ఊళ్ళన్నీ తలుపులు బిగించుకున్నప్పుడు పట్నాల్లో పనిమనుషులు రాక, జనం ఈ మిషన్ల కోసం ఎగబడ్డారు. తర్వాత్తర్వాత హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఉండే పిల్లలు, అమ్మకు నడుంనొప్పి గదా అని మన నెల్లూరు జిల్లా ఆత్మకూరు వైపూ, పైన ఉదయగిరి వైపూ కూడా ఒకటీ అరా తెచ్చి పెట్టారు. పెట్టి వెళ్ళిపోయాక ఆ తల్లి ఫోను చేస్తుంది: "అబ్బయ్యా, గాజుగ్లాసులన్నీ తెల్లగా మసకబారిపోయినాయి. నీ మిషను పాడైపోయింది, వచ్చి ఎత్తకపో."

పాపం, మిషనుకి ఏమీ కాలేదు. మన మెట్టలో అంట్ల మిషనుకొచ్చే జబ్బుల్లో సగం నీళ్ళ జబ్బులే. ముందు నీళ్ళేందో తెలుసుకుంటే మిషను సగం బాగయినట్టే.

మీ అవ్వనడగండి, "ఈ బోరునీళ్ళలో పప్పు ఉడకదురా" అంటుంది. అది ఉత్త మాట కాదు, గట్టి రసాయన శాస్త్రం. కందిబద్దలో కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. మామూలు నీళ్ళలో ఉడికితే అది కరిగి బద్ద మెత్తబడుతుంది. నీళ్ళలో కాల్షియం ఎక్కువుంటే ఆ కాల్షియం పెక్టిన్‌ను ఇంకా బిగించేస్తుంది. అందుకే ఎన్ని విజిళ్ళు వేసినా పప్పు పలుకుపలుకుగానే ఉంటుంది. చిటికెడు వంటసోడా వేస్తే ఉడుకుతుందని అవ్వకు తెలుసు. పప్పు ఎందుకు ఉడకదో ఇప్పుడు మీకూ తెలిసింది. ఆ కాల్షియమే, దాని తోడు మెగ్నీషియమే, గ్లాసు మీద తెల్లపొర అయ్యేది కూడా.

సున్నంలో ఉండే ఆ కాల్షియం నీళ్ళలోకి ఎట్టా వచ్చింది? పైనుంచి పడే వానచినుకులో సున్నం ఉండదు. చినుకు గాలిలోనూ, మట్టిలో వేళ్ళ దగ్గరా ఉండే బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటుంది. దాంతో నీటికి కాస్త పులుపు వస్తుంది. ఆ పులుపుతో మట్టిలోని, రాళ్ళలోని సున్నాన్ని కరిగించుకుంటూ కిందికి దిగుతుంది. బోరు ఎంత లోతుకు పోతే నీళ్ళు అంతకాలం రాళ్ళమధ్య కాపురం చేసినట్టు. పెన్న నీళ్ళు, సోమశిల జలాశయం నీళ్ళు నేలమీద పారేవి కాబట్టి మామూలుగా మెత్తగా ఉంటాయి. ఆత్మకూరులో ఏటి నీళ్ళు అందే ఇంటికీ, ఉదయగిరి పక్క మెట్టలో బోరు మీదే బతికే ఇంటికీ ఇక్కడే తేడా వస్తుంది. ఒకే కంపెనీ మిషను ఒకచోట పెళ్ళికూతురులా మెరిపిస్తుంది, ఇంకోచోట ముసుగేస్తుంది.

తాగే నీళ్ళ కఠినత్వం, అంటే ఈ కాల్షియం మెగ్నీషియం లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదనీ, వేరే దారి లేకపోతే 600 వరకూ ఓర్చుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం. ఇక్కడో చిక్కుంది. ఫిల్టరు అమ్మేవాళ్ళు పెన్నులాంటిది ముంచి అంకె చూపిస్తారే, అది నీళ్ళలో కరిగిన ఉప్పులన్నిటి లెక్క. కఠినత్వం అందులో ఒక భాగమే. చెంబెడు మంచినీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపితే ఆ అంకె ఆకాశానికి పోతుంది గానీ కఠినత్వం పెరగదు. కఠినత్వం చూడాలంటే సీసాలో నీళ్ళు పోసి, బట్టలసబ్బు తురుము కొంచెం వేసి ఊపండి. నురగ నిలిస్తే మెత్తన. నురగ రాక తెల్లగా విరిగినట్టు తేలితే గట్టివి. ఇంకో మాట, మన మెట్టలో ఫ్లోరైడు బెడద కూడా ఉంది గదా, అది వేరే సంగతి. సున్నం కోసం మిషనులో పోసే ఉప్పుతో ఫ్లోరైడు పోదు. ఈ రెండూ కలిపేయొద్దు.

సరే, వేడి చేస్తే ఏమవుతుంది? సున్నాన్ని కరిగించి పట్టుకున్నది ఆ బొగ్గుపులుసు వాయువేనన్నాను గదా. నీళ్ళు కాగంగానే వాయువు ఎగిరిపోతుంది, సున్నం దిక్కులేక అడుగున కూర్చుంటుంది. స్నానానికి నీళ్ళు కాచే కాగు అడుగున తెల్లటి అట్ట కట్టేది ఇందుకే, గీజరు కాయిలు పగిలేదీ ఇందుకే. అంట్ల మిషను పనంతా వేడినీళ్ళతోనే, 50 నుంచి 70 డిగ్రీల దాకా. ఇక సున్నం ఊరుకుంటుందా?

"తాతా, లోపల తోమేదెవరు? చేతులుంటాయా?" అంటోంది చిన్నమ్మి. చేతుల్లేవమ్మీ. బ్రష్షు కూడా లేదు. బట్టల మిషనులాగా తొట్టి నిండా నీళ్ళూ ఉండవు. తలుపేయంగానే అడుగున మూడు నాలుగు లీటర్లు మాత్రం చేరతాయి. ఒక పంపు ఆ నీళ్ళనే మళ్ళీ మళ్ళీ ఎత్తి, చిల్లులున్న రెండు రెక్కల్లోంచి చిమ్ముతుంది. రెక్కకు మోటారు లేదు. నీళ్ళు ఒకవైపు వంకరగా దూకుతుంటే ఆ తోపుకు రెక్క రెండోవైపు తిరుగుతుంది. దీపావళికి భూచక్రం తిరిగేదీ ఇదే సూత్రం మీద. వాష్ మొత్తానికి అయ్యేది పదీ పన్నెండు లీటర్లు. కుళాయి వదిలేసి తోమేవాళ్ళు ఆ నీళ్ళను చెంబులు కడగడానికే పారబోస్తారు.

నీళ్ళ వడితోనే అంట్లు కడగొచ్చని చేసి చూపించింది ఒక ఆడమనిషి. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం, షెల్బివిల్ అనే చిన్న ఊరు. పేరు జోసెఫీన్ కాక్రన్. ఇంట్లో మంచి పింగాణీ పళ్ళేలు తోమేటప్పుడు అంచులు ఊడుతున్నాయని ఆమెకు కడుపుమంట. 1883లో భర్త పోయి అప్పులు మిగిలాయి. ఇంటివెనక పాకలో ఒక మెకానిక్కును తోడు పెట్టుకుని, పళ్ళేల కొలతలకు సరిపోయే తీగల అరలు అల్లి, రాగి తొట్టిలో చక్రం మీద పెట్టి, కిందినుంచి సబ్బునీళ్ళు చిమ్మించింది. 1886 డిసెంబరు 28న పేటెంటు వచ్చింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు తన మిషన్లు తీసుకుపోయింది. ఆ ఏడే ఆ ఊళ్ళో, ఆ సందట్లోనే, మన వివేకానందస్వామి సర్వమత సభలో మాట్లాడాడు. ఆయన తిన్న పళ్ళెం ఈమె మిషనులో కడిగారేమో అని నేను ఊహించుకుని మురిసిపోతుంటాను, నిజమేందో దేవుడికెరుక. ఆమె మిషన్లు హోటళ్ళు కొన్నాయి. ఇళ్ళవాళ్ళు మాత్రం చాలాకాలం కొనలేదు. అన్ని వేడినీళ్ళు ఇంట్లో కాచలేకపోవడం ఒక కారణం. ఇంకోటి, చాలా ఊళ్ళలో నీళ్ళు గట్టివి, సబ్బు పనిచేసేది కాదు. చూశారా, ఉదయగిరి కష్టం ఇల్లినాయ్‌లో కూడా ఉంది.

ఆ కష్టానికి తర్వాత వచ్చిన మందు మిషను అడుగున కూర్చుని ఉంది. ఆవగింజలంత సైజులో ప్లాస్టిక్ పూసలు, వాటిని రెజిన్ అంటారు. మన వీధిలోకి పాతబట్టలకు స్టీలుగిన్నెలిచ్చే ఆమె వస్తుంది చూడండి, అచ్చం అట్టాంటి బేరం. పూసల దగ్గర సోడియం ఉంటుంది. గట్టి నీళ్ళు ఆ పూసల మధ్యగా పోతుంటే అవి కాల్షియాన్ని తీసుకుని, బదులు సోడియం ఇచ్చి పంపుతాయి. సోడియం గ్లాసు మీద అట్టకట్టదు, పప్పునూ పట్టుకోదు. కానీ గిన్నెలామె గంపలో గిన్నెలు అయిపోతాయి గదా! అప్పుడు ఆమె ఊరికి పోయి పాతబట్టలు దించి మళ్ళీ గిన్నెలు ఎత్తుకురావాలి. మిషనులో ఉప్పు పోసేది అందుకే. చిక్కటి ఉప్పునీళ్ళు పూసల మీదుగా పారితే, పోగయిన కాల్షియమంతా మోరీలోకి పోయి, పూసలకు మళ్ళీ సోడియం దక్కుతుంది. ఉప్పు అంట్లకు తగలదు, పూసలకే.

మరి మన ఇస్కపల్లి కయ్యల ఉప్పు ఉండగా ఆ పెట్టెల ఉప్పు కొనడమెందుకని ఒకాయన నన్ను దెబ్బలాడాడు. సముద్రపు కల్లుప్పు పచ్చడికి అమృతమే. కానీ అందులో మెగ్నీషియం, కాల్షియం, కాస్త మట్టీ కలిసి ఉంటాయి. ఏ కాల్షియాన్ని వదిలించాలనుకున్నామో దాన్నే మళ్ళీ పోసినట్టు. పొడి ఉప్పులో గడ్డకట్టకుండా వేసే మందులు పూసల మధ్య ఇరుక్కుంటాయి. డిష్‌వాషర్ ఉప్పనే అడిగి కొనండి. ఉప్పు పోసిన వెంటనే ఒక వాష్ నడపండి, ఒలికిన ఉప్పు స్టీలును తినకుండా. ముఖ్యమైన ఇంకో సంగతి, నీళ్ళు ఎంత గట్టివో మిషనుకు చెప్పాలి. బటన్లు నొక్కి అంకె పెట్టే ఏర్పాటుంటుంది. బిగించినవాడు తొందరలో దాన్ని ఎట్టున్నదట్టా వదిలేసిపోతే, ఉప్పున్నా మిషను సరిగ్గా వాడుకోదు. ఆర్‌ఓ ఫిల్టరు వదిలేసే వ్యర్థనీళ్ళు మాత్రం మిషనుకు పెట్టకండి. వాటిలో సున్నం ఇంకా చిక్కగా ఉంటుంది.

ఇక గ్లాసు మీద తెల్లపొర అంటే అన్నీ సున్నమేనా? కాదు. దాన్ని పరీక్ష చేయడం నాకు భలే సరదా. ముందు మామూలు నీళ్ళతో వేలితో రుద్దండి. పోయిందా, అది ఉప్పో సబ్బు మిగులో. ఉప్పు డబ్బా మూత బిగిసిందో లేదో చూడండి. నీళ్ళకు పోకపోతే నిమ్మచెక్కతో రుద్దండి. సున్నమైతే పులుపు తగలంగానే కరిగిపోతుంది. ఖాళీ మిషనులో, సబ్బు లేకుండా, కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు చిన్న కప్పుడు వేసి వేడి వాష్ నడిపితే లోపలి అట్టా కరుగుతుంది. డ్రిప్పు పెట్టిన నిమ్మతోటల్లో చిల్లులు సున్నంతో మూసుకుంటే రైతులు పైపుల్లోకి యాసిడ్ వదులుతారు గదా, ఇది అదే వైద్యం. కానీ తోటలో యాసిడ్ ఇంట్లోకి తేవద్దు, ఆ ఘాటుకు స్టీలు గుంటలు పడుతుంది. నిమ్మ ఉప్పుతో బ్లీచింగు పౌడరు కలపనే కలపొద్దు, ఊపిరి పట్టేసే విషవాయువు పుడుతుంది. నిమ్మకూ పోకపోతే? అప్పుడు పొర గాజు మీద లేదు, గాజే గరుకెక్కింది. అది ఇక తిరిగి రాదు. ఆ గ్లాసుల్ని మజ్జిగకు వాడుకోండి, కనపడదు.

నిజానికి మా అవ్వ కాలంలో అంట్ల దగ్గర రెండే మందులు, బూడిదా, చింతపండూ. బూడిదలో క్షారం ఉంటుంది, అది జిడ్డును పట్టి సబ్బుగా మార్చేస్తుంది. చింతపండులో పులుపు, అది కిలుమునూ సున్నాన్నీ కరిగిస్తుంది. ఇప్పుడు మిషను బిళ్ళలో ఉండేదీ సోడాక్షారమే, దానికి తోడు అన్నం గంజినీ పప్పునూ కొరికే ఎంజైములు. కాబట్టి గిన్నె మీద పొర చేతికి జారుగా తగిలితే క్షారమో వేడో చాల్లేదని, గరుగ్గా తెల్లగా తగిలితే పులుపు కావాలని అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు రెండో ఫిర్యాదు: అడుగున నీళ్ళు నిలిచాయి. కొంచెం నీళ్ళు ఫిల్టరు కింద ఎప్పుడూ ఉంటాయి, రబ్బరు ఎండకుండా, భయపడొద్దు. పళ్ళెమెత్తు నిలిస్తే ముందు ప్లగ్గు పీకండి, కుళాయి కట్టండి. పీకకుండా చేయి పెడితే నా దగ్గరికి కబుర్లకు రావద్దు. నీళ్ళు గుడ్డతో అద్ది తీసేసి, గుండ్రటి ఫిల్టరు తిప్పి పైకి లాగండి. నెల్లూరోళ్ళ ఇంట్లో అందులో ఏం దొరుకుతుందంటారు? చేపల పులుసు ముళ్ళు, కరివేపాకు, మునక్కాయ పిప్పి, చింతపండు నార. కుళాయి కింద పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే చాలాసార్లు కథ అక్కడితో అయిపోతుంది. ఫిల్టరు తీసిన గుంటలో, ఒక చిన్న మూత వెనకాల, నీళ్ళు తోసే పంపు చక్రం ఉంటుంది. పగిలిన గాజు ఉండొచ్చు, పట్టకారుతో చూడండి. చక్రాన్ని వేలితో కదిపితే ఆగి ఆగి కదులుతుంది. అది ఇరుక్కుపోవడం కాదు, లోపల అయస్కాంతం పట్టి వదలడం.

ఇంకో తమాషా జబ్బుంది. మిషను నీళ్ళు తీసుకుంటూనే ఉంటుంది, కడగదు. మన ఇళ్ళలో వదిలేనీళ్ళ పైపును నేలమీది జాలీలో పడేస్తారు. డ్రమ్ములోంచి డీజిలు నోటితో లాగి వదిలితే తనంతట తనే కారుతుంది చూడండి, అట్టాగే లోపలి నీళ్ళు వచ్చినవి వచ్చినట్టు జారిపోతాయి. పైపును అడుగున్నర నుంచి మూడడుగుల ఎత్తుకు లేపి కట్టి దించితే సరి. మెకానిక్కు అక్కర్లేదు.

అంట్లు సరిగ్గా కడగలేదంటే రెక్కలు చూడాలి. పొడుగు గరిటె కిందికి వేలాడి రెక్కకు అడ్డం పడిందేమో. చిల్లుల్లో ఆవగింజ ఇరుక్కుందేమో, సూదితో తీయండి. వాష్ మధ్యలో కొంచెం ఆపి, ఆవిరి తగలకుండా తలుపు తీసి రెక్క ఎటుందో గుర్తు పెట్టుకోండి. మూసి నడిపి, మళ్ళీ చూడండి. అక్కడే ఉంటే తిరగట్లేదు. అన్నీ బాగానే ఉండి వడి లేకపోతే మిద్దె మీదికి చూడండి. పది మీటర్ల ఎత్తు నీళ్ళు ఒక బార్ ఒత్తిడి ఇస్తాయి. కొన్ని మిషన్లకు 0.3 బార్, అంటే మిషనుకు పది అడుగుల పైన ట్యాంకుంటే చాలు. కొన్ని 0.5 అడుగుతాయి, అంటే పదహారు అడుగులు. ఒక అంతస్తు ఇంటి మీద పొట్టి దిమ్మె కట్టి ట్యాంకు పెడితే అది చాలదు. నీళ్ళ పైపు మిషనును తాకేచోట చిన్న జల్లెడ ఉంటుంది, అందులో బోరు ఇసుక చేరినా ఇంతే.

"గంటలో అయ్యేది మూడు గంటలు పడుతోంది" అంటారు ఇంకొందరు. హీటరు దాదాపు 2000 వాట్లు. వోల్టేజి 230 నుంచి 170కి పడితే వేడి ఆ నిష్పత్తిలో కాదు, దాని వర్గంలో తగ్గుతుంది. లెక్కేస్తే 1100 వాట్లకు దిగుతుంది, సగం కంటే కాస్త ఎక్కువ. నీళ్ళు కాగేదాకా మిషను కాచుకుని కూర్చుంటుంది పాపం. స్టెబిలైజరు సంగతి చూడాలి గానీ, మిషనును తిట్టొద్దు. ప్లగ్గు 16 ఆంపియర్ల సాకెట్టులోనే, ఎర్తింగుతో. ఎక్స్‌టెన్షను బాక్సు వద్దు.

బిళ్ళ అయిపోయిందని చేత్తో తోమే ద్రవం పోస్తే మాత్రం వంటిల్లంతా నురగ పొంగుతుంది. ఆ ద్రవాన్ని నురగ రావాలనే చేస్తారు, మిషను బిళ్ళను నురగ రాకూడదనే చేస్తారు. నురగ కారి అడుగు పళ్ళెంలో చేరితే అక్కడ తేలే బెండు పైకి లేచి స్విచ్చి నొక్కుతుంది, మిషను భయపడి నీళ్ళు తోసేస్తూనే ఉంటుంది. ప్లగ్గు పీకి, నురగ గుడ్డతో ఎత్తేసి, అడుగు ఆరనివ్వండి. అంతే. ఇక హీటరు కాలినా, సర్క్యూటు బోర్డు పోయినా, విప్పింది మూయడం తెలిసినవాడికే వదిలేయండి.

ప్లాస్టిక్ డబ్బాలు తడిగా రావడం జబ్బు కాదు. పింగాణీ వేడిని పట్టుకుని తన మీది తడిని తనే ఆరబెట్టుకుంటుంది, పలచటి ప్లాస్టిక్ వెంటనే చల్లారిపోతుంది. ఇండాలియం గిన్నె నల్లబడటం మాత్రం మీ తప్పే. క్షారం దాని మీది రక్షణపొరను తినేస్తుంది. చేపల పులుసు పెట్టే మట్టిదాక కూడా వద్దు, దాని సన్న రంధ్రాలు సబ్బును తాగి తర్వాత పులుసులోకి వదులుతాయి. ఇనప పెనం తుప్పు పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, ఉదయగిరి కొయ్య గరిటెలు మిషనులో పెట్టొద్దు. దిలావర్ భాయి వీధిలో ముస్లిం కుటుంబాలు తరాలుగా నర్ది, కల్ది, బిక్కి కొయ్యలతో చెక్కే స్పూన్లకు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొయ్యకు పోగులుంటాయి. వేడినీళ్ళు తాగి అడ్డంగా ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అంచు ముందు ఆరి, నడుమ తడిగా ఉంటే ఆ రెండూ చెరోవైపు లాగి కొయ్య చీలుతుంది. కొయ్యలోని సహజమైన జిడ్డునూ క్షారం ఊడ్చేస్తుంది. చేత్తో గబుక్కున కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో నిలబెట్టండి. బాగా ఆరాక నాలుగు చుక్కల కొబ్బరినూనె పట్టించండి. అదుగో, బుడ్డోడు అప్పుడే నూనె సీసా కోసం లోపలికి పరిగెత్తాడు. మూత బిగించి తెమ్మనండి.